ముట్టుకుంటేనే నొప్పి



గత సంచికలో చెప్పిన ప్రకారం ఈ నెల రక్తపోటు గురించి రాయవలసి ఉంది. సగం రాసి కూడా పెట్టుకున్నాము. ఇంతలో ఖిల్లా ఘణపూర్ మండలంలోని ఒక గ్రామం నుండి ఒక సహోదరి ఉత్తరం వచ్చింది. అది చదివిన తరువాత రక్తపోటు ఒక నెల ఆగినా ఫరవాలేదు, ఇది మాత్రం ఆగరాదు అనిపించింది. ఆ సహోదరి అనుమతితో, పేర్లు తీసివేసి, ఆమె ఉత్తరంలోని ముఖ్య భాగం ఇక్కడ ఇస్తున్నాము.

"మా అత్తమ్మకు రొమ్ము క్యాన్సరు. రెండేండ్ల కింద ఆపరేషన్ అయింది. ఈ ఏడు నడుము ఎముకలకు పాకిందన్నరు. హైదరాబాదు డాక్టర్లు మార్ఫిన్ గోలీలు రాసిండ్రు. మొదటి నెల దేవుని దయవల్ల మంచిగ నిద్రపోయింది. లేచి కోళ్ళకు గింజలు వేసింది. తర్వాత మళ్ళ నొప్పి అన్నది. గోలీలు పెంచిండ్రు. వారం బాగున్నది. మళ్ళ నొప్పి. ఇంక పెంచినం. ఇప్పుడు నడుము ఒక్కటే కాదు, చేతులు, కాళ్ళు, నెత్తి, ఒళ్ళంత నొప్పి అంటున్నది. తల దువ్వనియ్యదు. దుప్పటి కప్పితే తీసి పారేస్తది. మొన్న ఆదివారం సంఘ పెద్దలు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే కేక పెట్టింది. 'ప్రార్థనకు ఇట్ల అరుస్తున్నదంటే ఇది వేరే సంగతి' అని ఒకాయన అన్నడు. ఆ మాటకు నా పెనిమిటి రెండు దినాలు అన్నం ముట్టలేదు. మా ఆడబిడ్డ, అమ్మ నల్లమందుకు అలవాటు పడ్డది, గోలీలు బంద్ చెయ్యుండ్రి అంటది. నా పెనిమిటి, ఇంకో రెండు గోలీలు వేస్తే తగ్గుతది అంటడు. మేం ఎవరి మాట వినాలె?"

సహోదరీ, మీ ఉత్తరంలో ముగ్గురు మూడు విధాలుగా చెప్పారు. ఒకరు దయ్యం అన్నారు. ఒకరు అలవాటు అన్నారు. ఒకరు మందు చాలలేదు అన్నారు. ఈ మూడూ కాని నాలుగవ సంగతి ఒకటి ఉన్నది. దానిని గురించి మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు. అందుకే ఈ నెల పేజీ అంతా దానికే కేటాయిస్తున్నాము.

మందు శత్రువు కాదు

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ వ్యాసం చదివి ఎవరూ మార్ఫిన్ అంటే భయపడి మానివేయకూడదు. క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ గొప్ప మేలు చేసే మందు. గసగసాల కాయ నుండి కారే పాలు గట్టిపడితే అదే నల్లమందు. దానిలో నుండి శుద్ధి చేసి తీసినదే మార్ఫిన్. ఈ జాతి మందులన్నిటినీ కలిపి డాక్టర్లు ఓపియాయిడ్లు అంటారు.

లండనులో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ అనే హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సుగా, తరువాత డాక్టరుగా పనిచేశారు. నొప్పి వచ్చి రోగి కేకలు వేసిన తరువాత మందు ఇవ్వడం కాదు, నొప్పి రాకముందే గడియారం చూసి వేళకు ఇవ్వాలని ఆమె చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ప్రకటించినప్పుడు పై మెట్టు మీద నిలిపినది మార్ఫిన్‌నే.

మన దేశంలో గసగసాల పంట పండుతున్నా, మన రోగులకు మాత్రం మార్ఫిన్ అందడం కష్టంగా ఉండేది. 1985లో వచ్చిన మత్తు మందుల చట్టం దుర్వినియోగాన్ని ఆపడానికి ఉద్దేశించినది. కాని దాని కింద ఆసుపత్రులు పలు శాఖల నుండి పలు లైసెన్సులు తెచ్చుకోవలసి రావడంతో అనేక చోట్ల ఆ మందు పెట్టుకోవడమే మానుకున్నారు. 2014లో పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. దాని ప్రకారం గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్ మొదలైన ముఖ్యమైన మందులను ఒకే అనుమతితో ఉంచుకోవచ్చు. ఇంత ప్రయాసతో మన ఇంటికి చేరిన మందు అది. దానిని తెలిసి వాడుకోవాలి.

నాలుగవ సంగతి ఏమిటి?

మార్ఫిన్ వంటి మందులు నొప్పిని తగ్గిస్తాయి. ఇది అందరికీ తెలుసు. అయితే కొందరు రోగులలో, ముఖ్యంగా మోతాదు బాగా పెరిగినప్పుడు లేక త్వరత్వరగా పెంచినప్పుడు, అదే మందు నరాలను అతి సున్నితంగా చేసి నొప్పిని పెంచగలదు. దీనిని డాక్టర్లు 'ఓపియాయిడ్ ఇండ్యూస్డ్ హైపరాల్జీసియా' అంటారు. పేరు పెద్దది, సంగతి చిన్నది: నొప్పి మందు వల్లనే నొప్పి ఎక్కువగా తెలియడం.

ఇది కొత్తగా కనిపెట్టినది కాదు. ఇంగ్లాండులో క్లిఫర్డ్ ఆల్‌బట్ అనే డాక్టరు 1870లోనే, మార్ఫిన్ ఇంజక్షన్లు తీసుకునే కొందరిలో ఏ నొప్పికి మందు ఇస్తున్నామో ఆ నొప్పిని మందే పెంచుతున్నదా అనే అనుమానం వెలిబుచ్చారు. ఆ తరువాత ఎన్నో పరిశోధనలు జరిగాయి. క్యాన్సరు రోగులలో ఇది ఎంత తరచుగా వస్తుందన్న విషయంలో డాక్టర్ల మధ్య నేటికీ వాదోపవాదాలు ఉన్నాయి. మార్ఫిన్ వాడేవారిలో ఎక్కువ మందికి ఇది రాదు. కాని వచ్చినప్పుడు గుర్తుపట్టకపోతే రోగి పడే బాధ ఇంతింత కాదు. ఎందుకంటే నొప్పి అంటే మందు పెంచుతారు, మందు పెంచితే నొప్పి పెరుగుతుంది, నొప్పి పెరిగిందని మళ్ళీ పెంచుతారు.

ఇది ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణతో చెబుతాము. మన కూటాలలో మైకు సెట్టు చూసే ఉంటారు. ప్రసంగం వినబడడం లేదని వెనుక వరుసవారు అంటే మైకు అతను శబ్దం పెంచుతాడు. బాగా వినిపిస్తుంది. ఇంకా పెంచుతాడు. ఒక హద్దు దాటిన తరువాత మైకు 'కుయ్‌య్' మని కూత పెడుతుంది. అప్పుడు వక్త మాట్లాడకపోయినా, ఎవరైనా మైకును తాకినా, గాలి వీచినా కూతే. ఆ సమయంలో శబ్దం ఇంకా పెంచితే చెవులు పగులుతాయి. తెలిసిన మైకు అతను ఏం చేస్తాడు? శబ్దం కొంచెం తగ్గిస్తాడు. మైకును పక్కకు జరుపుతాడు, లేక వేరే మైకు పెడతాడు. అంతేగాని సెట్టును పీకి అవతల పారవేయడు.

మన వెన్నుపాములోను, మెదడులోను నొప్పి కబురు మోసే నరాలు ఉన్నాయి. మార్ఫిన్ ఆ కబురును అణచుతుంది. కొందరిలో ఎక్కువ మందు ఎక్కువ కాలం అణచేసరికి, ఆ నరాలు ఎదురు తిరిగినట్లుగా చురుకెక్కుతాయి. కబురును పెద్దది చేసే రసాయనాలు పనిచేయడం మొదలుపెడతాయి. అప్పుడు దుప్పటి తాకిడి, దువ్వెన పళ్ళు, ప్రేమతో వేసిన చెయ్యి కూడా నొప్పిగానే మెదడుకు చేరతాయి. రోగి అబద్ధం చెప్పడం లేదు. నాటకం ఆడడం లేదు. ఆమెకు నిజంగానే నొప్పిగా ఉన్నది.

మూత్రపిండాల పాత్ర

ఇందులో ఇంకొక ముఖ్య విషయం ఉంది. మనం మింగిన మార్ఫిన్‌ను కాలేయం విడగొడుతుంది. అలా ఏర్పడిన పదార్థాలను మూత్రపిండాలు బయటికి పంపాలి. మూత్రపిండాలు సరిగా పనిచేయకపోతే అవి ఒంట్లోనే పేరుకుపోతాయి. వాటిలో ఒకటి నొప్పిని తగ్గించకపోగా నరాలను రెచ్చగొడుతుందని భావిస్తున్నారు. మరొకటి మత్తును పెంచి ఊపిరిని మందగింపజేస్తుంది. కాబట్టి నిన్నటి దాకా సరిపోయిన మోతాదే, మూత్రపిండాలు మందగించిన రోజున ఎక్కువ మోతాదు అయి కూర్చుంటుంది.

మూత్రపిండాలు ఎందుకు మందగిస్తాయి? వాంతులై నీళ్ళు తాగకపోవడం ఒక కారణం. వ్యాధి మూత్ర మార్గానికి అడ్డుపడడం మరొకటి. మన పల్లెల్లో మరీ సాధారణమైన కారణం ఇంకొకటి ఉంది. నొప్పి తగ్గలేదని ఊరిలో ప్రాక్టీసు చేసేవారిని పిలిచి డైక్లోఫెనాక్ వంటి నొప్పి సూదులు రోజూ వేయించడం. ఆ సూది మంచిదే, చోటు తెలిసి వాడితే. కాని పెద్ద వయసు రోగికి, తిండీ నీళ్ళూ సరిగా లేని స్థితిలో, రోజుల తరబడి వేస్తే మూత్రపిండాలకు దెబ్బ. మార్ఫిన్ వాడుతున్న రోగికి అది రెండు వైపుల పదునున్న కత్తి.

అందుకే మేము ఆ సహోదరికి వెంటనే ఫోను చేసి నాలుగు ప్రశ్నలు అడిగాము. ఉత్తరంలో లేని నాలుగు సంగతులు బయటపడ్డాయి. అత్తమ్మ మూడు రోజులుగా మూత్రం చాలా తక్కువగా పోస్తున్నది. నిద్రలో చేతులు, కాళ్ళు ఉలిక్కిపడినట్లు ఎగురుతున్నాయి. ఊరిలో ఒకాయన పది రోజులుగా పూటకొక నొప్పి సూది వేస్తున్నాడు. నాలుగవది, కుమారుడు రాత్రివేళ తల్లి బాధ చూడలేక, డాక్టరు రాసినదానికి మించి రెండేసి గోలీలు వేస్తున్నాడు.

తల్లి మీద ప్రేమతోనే వేశాడు. అతనిని నిందించడానికి ఎవరికీ అధికారం లేదు. అయితే ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే డాక్టరు లెక్క తప్పుతుంది. "ఆ సూదులు ఆపండి, సొంతంగా గోలీలు కలపకండి, అట్లాగని ఒక్కసారిగా మానకండి, ఈ దినమే బయలుదేరండి" అని చెప్పాము.

నొప్పి పెరిగితే కారణాలు అనేకం

పాఠకులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. క్యాన్సరు రోగికి నొప్పి పెరిగినంత మాత్రాన అది మందు వల్లనే అనుకోరాదు. తరచుగా కనిపించే కారణాలు వేరే ఉన్నాయి. వాటిని వేరు చేసి చూడవలసినది డాక్టరే. కాని ఇంట్లో ఉన్నవారు గమనించి చెబితేనే డాక్టరుకు దారి దొరుకుతుంది.

1. వ్యాధి ముదిరితే: నొప్పి సాధారణంగా పాత చోటనే పెరుగుతుంది, లేక ఫలానా చోట అని వేలు పెట్టి చూపగల కొత్త చోట మొదలవుతుంది. పరీక్షలలో దానికి కారణం కనబడుతుంది.

2. ఒళ్ళు మందుకు అలవాటు పడి, అదే మోతాదు చాలకపోతే: మోతాదు పెంచగానే నొప్పి తగ్గుతుంది. దీనిని వ్యసనం అనరాదు. అలవాటు వేరు, వ్యసనం వేరు.

3. మందు వేళ తప్పితే, లేక హఠాత్తుగా ఆపితే: చెమటలు, ఆవులింతలు, ముక్కు కారడం, విరేచనాలు, కడుపులో మెలితిప్పినట్లు ఉండడం, వాటితో పాటు నొప్పి.

4. మలబద్ధకం: మార్ఫిన్ వాడే దాదాపు ప్రతివారికీ ఇది ఉంటుంది. నాలుగు రోజులు విరేచనం కాక కడుపు బిగిస్తే అదే పెద్ద నొప్పి. సుఖ విరేచనానికి డాక్టరు ఇచ్చిన మందు మానరాదు.

5. మనోవేదన: భయం, నిద్రలేమి, బిడ్డ పెళ్ళి కాలేదన్న దిగులు, బొంబాయికి వలస పోయిన కొడుకు రాలేదన్న బెంగ. ఇవి నొప్పిని రెట్టింపు చేస్తాయి. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటి నొప్పి, ఆత్మలోని నొప్పి కలిసి ఒకే నొప్పి అని సిసిలీ సాండర్స్ బోధించారు.

6. మందు వల్ల నరాలు సున్నితమైతే: నొప్పి మొదటి చోటు దాటి ఒళ్ళంతా పాకుతుంది. ఎక్కడ అంటే రోగి చెప్పలేరు. తాకితే నొప్పి. మోతాదు పెంచితే తగ్గకపోగా పెరుగుతుంది, లేక ఒకటి రెండు రోజులు తగ్గినట్లు ఉండి మరింత పెరుగుతుంది. తరచుగా దానితోపాటు కండరాలు ఉలికిపడడం, కలవరింతలు, మాట తడబడడం ఉండవచ్చు.

ఈ ఆరవ దానిలోని గుర్తులు కనబడితే "మందు పెంచండి" అని అడగవద్దు. "మందు పెంచిన కొద్దీ నొప్పి పెరుగుతున్నది, తాకనివ్వడం లేదు" అని డాక్టరుతో చెప్పండి. ఆ ఒక్క వాక్యం ఎంతో పని చేస్తుంది.

డాక్టరు ఏం చేస్తారు?

ఈ కింది సంగతులు మీరు ఇంట్లో చేయడానికి కాదు. డాక్టరు ఫలానా మార్పు చేసినప్పుడు మీరు భయపడకుండా ఉండడానికి రాస్తున్నాము.

మొదట మోతాదు తగ్గించవచ్చు. నొప్పితో అరుస్తున్న మనిషికి మందు తగ్గిస్తారా అని కుటుంబం వారు కోపపడతారు. మైకు ఉదాహరణ గుర్తు చేసుకోండి. మెల్లమెల్లగా, కొలత ప్రకారం తగ్గిస్తారు.

రెండవది, మందు మార్చవచ్చు. మార్ఫిన్‌కు బదులు అదే జాతికి చెందిన ఫెంటనిల్, మెథడోన్, బుప్రెనార్ఫిన్ వంటి వేరొక మందు ఇస్తారు. మార్చేటప్పుడు లెక్కకు సరిపోయే మోతాదు కన్నా తక్కువతో మొదలుపెట్టడం వాడుక. మెథడోన్‌కు నరాల చురుకును అణచే ఇంకొక గుణం కూడా ఉంది. అయితే దాని లెక్క కష్టం కనుక అనుభవమున్న డాక్టరే ఇవ్వాలి. ఫెంటనిల్ చర్మం మీద అంటించే పట్టీ రూపంలో దొరుకుతుంది. సాధారణంగా ఒక పట్టీ మూడు రోజులు పనిచేస్తుంది. పట్టీ మీద వేడి నీళ్ళ సంచి పెట్టరాదు, ఎండలో పడుకోబెట్టరాదు. వేడికి మందు ఒక్కసారిగా ఒంట్లోకి ఎక్కువగా దిగుతుంది.

మూడవది, తోడు మందులు కలపవచ్చు. నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి ఉన్నాయి. పారాసిటమాల్ చిన్న మందు అని తీసివేయరాదు. ఆసుపత్రిలో ఉంచి కీటమిన్ అనే మందును తక్కువ మోతాదులో ఇచ్చే డాక్టర్లు కూడా ఉన్నారు. ఎముకలకు పాకిన నొప్పికి రేడియేషన్ మంచి మేలు చేస్తుంది. చాలామందికి ఒక్క రోజు ఇస్తే సరిపోతుంది. నొప్పి మోసే నరానికి సూది ద్వారా మందు ఇచ్చి అణచే పద్ధతి కూడా ఉంది. ఈ తోడు వైద్యాల వల్ల మార్ఫిన్ అవసరమే తగ్గుతుంది.

నాలుగవది, మూత్రపిండాల రక్తపరీక్ష చేసి, నీరు తక్కువైతే సెలైన్ ఎక్కించి, హాని చేసే మందులు ఆపుతారు.

ఇంట్లో మనం చేయవలసినవి

అన్నిటికన్నా ముందు ఒక నోటుపుస్తకం పెట్టండి. పదో తరగతి చదివే మనవరాలికి ఆ పని అప్పగించండి. ఏ వేళకు ఏ మందు, ఎన్ని గోలీలు ఇచ్చారో రాయాలి. నొప్పి పదిలో ఎంత అని అడిగి, మందు వేసే ముందు ఒకసారి, వేసిన గంటకు ఒకసారి రాయాలి. పదిలో చెప్పడం రాకపోతే రూపాయికి ఎన్నణాల నొప్పి అని అడగండి, పెద్దవాళ్ళు ఠక్కున చెబుతారు. మూత్రం ఎన్నిసార్లు, విరేచనం ఎప్పుడు, నీళ్ళు ఎన్ని గ్లాసులు తాగారు, అధికంగా వేసిన గోలీ ఉంటే అదీ దాచకుండా రాయాలి. డాక్టరుకు మీ మాటల కన్నా ఈ పుస్తకం ఎక్కువ చెబుతుంది.

తాకితే నొప్పి ఉన్న రోజులలో మెత్తని పాత నూలు చీరలే కట్టండి. పక్కకు తిప్పవలసి వస్తే చేతులు పట్టి లాగకండి. కింద పరచిన దుప్పటి రెండు అంచులు ఇద్దరు పట్టుకుని మెల్లగా జరపండి. దుప్పటి బరువు తగలకుండా మంచం పట్టెల మీదుగా కట్టవచ్చు. ఏ పని చేసినా ముందు చెప్పి చేయండి: "అత్తమ్మా, ఇప్పుడు కాలు జరుపుతున్నా." చెప్పకుండా తాకితే ఉలికిపాటుకే నొప్పి రెట్టింపు అవుతుంది.

గోలీలను తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందకుండా ఉంచండి. లెక్క పెట్టి ఉంచండి. మిగిలినవి ఎవరికీ ఇవ్వకండి, ఆసుపత్రికి తిరిగి ఇవ్వండి.

రోగి లేపినా లేవనంత మత్తులో ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా, మూత్రం ఆగిపోయినా, చేతులు కాళ్ళు మాటిమాటికి ఎగురుతున్నా, మనుషులను గుర్తుపట్టకపోయినా, కాళ్ళు హఠాత్తుగా పట్టు తప్పినా తెల్లవారే దాకా ఆగరాదు.

పాస్టరుగారికి, సంఘ పెద్దలకు ఒక మనవి

రోగుల దర్శనానికి వెళ్ళే పెద్దలు చేతులుంచి ప్రార్థించడం మన వాడుక. మంచి వాడుక. అయితే తాకిడి భరించలేని రోగులు కూడా ఉంటారని ఈ ఉత్తరం మనకు నేర్పింది. లోపలికి వెళ్ళగానే ఇంటివారిని ఒక మాట అడగండి: "అమ్మను తాకవచ్చునా?" వద్దంటే మంచం పక్కన కూర్చుని ప్రార్థించండి. ప్రార్థన విలువ ఏమీ తగ్గదు. రోగి అరిస్తే దయ్యం అనే మాట నోట రానివ్వకండి. ఆ మాట గుమ్మం దాటి ఊరంతా తిరుగుతుంది. పోయే ప్రాణం నెమ్మదిగా పోవచ్చు గాని, ఆ మాట మిగిలినవారి గుండెల్లో ఏళ్ళ తరబడి ఉంటుంది. అలాగే "నొప్పిని ఓర్చుకోవడమే విశ్వాసం, మందు వద్దు" అని కూడా చెప్పకండి. మంచి సమరయుడు గాయపడినవానికి ముందు గాయాలకే వైద్యం చేశాడు.

ఎక్కడికి వెళ్ళాలి?

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి పేరు మన ప్రాంతంలో తెలియని వారు లేరు. 1955లో స్థాపించిన ఈ ప్రభుత్వ ఆసుపత్రికి మెహదీ నవాజ్ జంగ్ పేరు పెట్టారు. అక్కడ నొప్పి నివారణకు, పాలియేటివ్ కేర్‌కు ప్రత్యేక విభాగం ఉంది. పాలియేటివ్ కేర్ అంటే 'ఇక ఏమీ చేయలేము' అని చేతులెత్తడం కాదు. బాధను తగ్గించడమే పనిగా పెట్టుకున్న వైద్యం. తెలంగాణ ప్రభుత్వం 'ఆలన' పేరుతో జిల్లాలలో కూడా పాలియేటివ్ కేర్ కేంద్రాలు నెలకొల్పింది. మంచం పట్టిన రోగుల ఇళ్ళకు నర్సులు వాహనంలో వెళ్ళే ఏర్పాటు అందులో ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తను, లేక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే మీ జిల్లా కేంద్రం వివరాలు చెబుతారు.

వనపర్తి ప్రాంతం వారికి ఒక సంగతి గుర్తు చేయాలి. వనపర్తి సంస్థానం కోడలైన రాణీ కుముదినీ దేవి 1958లో హైదరాబాదు కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించారు. లోకం ముట్టుకోవడానికి జంకిన రోగులను చేరదీసిన చోటు అది. నేడు ఆమె పేరుతో క్యాన్సరు రోగులకు చివరి దశలో సేవ చేసే హాస్పిస్ కూడా ఉన్నది. మన వనపర్తి ఇంటి పేరు అక్కడ ఉన్నదని తెలిస్తే మన రోగులకు అది పరాయి చోటుగా అనిపించదు.

తరువాత ఏమైంది?

మా ఫోను అయిన మర్నాడు ఆ కుటుంబం జీపు మాట్లాడుకుని హైదరాబాదు వెళ్ళారు. దారి పొడవునా గుంతలో బండి పడ్డప్పుడల్లా అత్తమ్మ అరుపుకు డ్రైవరు కూడా కన్నీళ్ళు పెట్టుకున్నాడట. రక్తపరీక్షలో మూత్రపిండాలు మందగించినట్లు తేలింది. ఫొటోలు తీస్తే వ్యాధి కొత్తగా పాకినట్లు కనబడలేదు. కుమారుడు తలవంచుకుని, రాత్రివేళ తాను వేసిన గోలీల సంగతి చెప్పాడు. డాక్టరు కోపపడలేదు. "చెప్పినందుకు మంచిదయింది, లేకపోతే ఇంకా పెంచేవాళ్ళం" అన్నారట. నొప్పి సూదులు ఆపి, సెలైన్ పెట్టి, మార్ఫిన్ తగ్గించి, ఫెంటనిల్ పట్టీకి మార్చారు. నరాల మందు చిన్న మోతాదులో కలిపారు. నడుముకు ఒక్కసారి రేడియేషన్ ఇచ్చారు.

రెండవ ఉత్తరంలో ఆ సహోదరి ఇలా రాశారు: "నాలుగు దినాలకు ఎగురుడు బంద్ అయింది. పది దినాలకు దుప్పటి కప్పుకున్నది. నొప్పి మొత్తం పోలేదు. పదిల తొమ్మిది ఉండేది, ఇప్పుడు మూడో నాలుగో అంటది. నడుము నొప్పి నడుముల్నే ఉన్నది. మొన్న తనంతట తనే, 'బిడ్డా, తల జడలు కట్టింది, దువ్వవా' అన్నది. గంట సేపు దువ్విన. చిక్కు తీస్తుంటే నిద్రపోయింది."

ఇది అచ్చుకు వెళ్ళే ముందు మూడవ కబురు ఫోనులో వచ్చింది. ఆ తల్లి తన ఇంట్లోనే, తన మంచం మీద, నెమ్మదిగా కన్నుమూశారు. క్యాన్సరు ఆమెను వదలలేదు. కాని చివరి ఏడు వారాలు ఇంటివారి చేతులు ఆమెకు నొప్పి కాలేదు. ఆ రోజు 'వేరే సంగతి' అన్న పెద్దాయన చివరి వారంలో మళ్ళీ వచ్చారట. గుమ్మంలో నిలబడి "అమ్మా, చెయ్యి వేయవచ్చునా?" అని అడిగారట. ఆమె తలూపిందట.

కుమారుడు మాతో ఒక్క మాటే అన్నాడు: "మా అమ్మ నాటకం ఆడలేదు సార్. ఆ సంగతి నలుగురికి తెల్వాలె. పేపర్ల రాయుండ్రి."

అందుకే రాశాము. మీ ఇంట్లో గాని, మీ వాడలో గాని మార్ఫిన్ వాడుతున్న రోగి ఉంటే ఈ పేజీ చదివి వినిపించండి. వచ్చే నెల తప్పకుండా రక్తపోటు గురించి.